మేలుజాతి పురుగులు

షాయిర్‌కుల్ జీవశాస్త్రం పాఠాలు చెప్పడం మానేసి మూడేళ్ళయింది. అంతకుముందు ముప్పై నాలుగేళ్ళు చెప్పింది. సరస్సుకు తూర్పున, త్యూప్ పట్నం దాటాక వచ్చే ఆ ఊళ్ళో యాభై ఏళ్ళ లోపు వాళ్ళలో ఆమె చేత మొట్టికాయ తినని వాళ్ళు లేరు. అక్కయ్యగారూ అన్నట్టుగా అందరూ ఆమెను ఎజెకే అని పిలుస్తారు. ఆమె భర్త ప్రతి ఏడూ జూన్ రాగానే గుర్రాలు తోలుకుని కొండమీది మేతభూములకు వెళ్ళిపోతాడు. వేసవంతా ఇల్లు ఆమెదే, ప్రశాంతత ఆమెదే.

ఆ ప్రశాంతతను జూలై మొదటివారంలో ఆమె మరిది ఒరొజాలి పాడుచేశాడు. ఆమె వరండాలో కూర్చుని మురబ్బా కోసం చెర్రీ పళ్ళ గింజలు తీస్తోంది. అతను గేటు మూయకుండానే లోపలికి వచ్చాడు. చేతిలో ఖాళీ పురుగుమందు సీసా.

"వదినా, లే. కళ్ళజోడు పెట్టుకో. జిపార్ కొట్టుకి పోదాం."

"ఎందుకురా?"

"అది మందులో నీళ్ళు కలిపి అమ్ముతోంది. మూడుసార్లు కొట్టాం బంగాళాదుంప చేలకి. పురుగులు తలస్నానం చేసినట్టు నిగనిగలాడుతున్నాయి గానీ ఒక్కటీ చావలేదు. సీసా మీద ఏముందో నువ్వు చదివి అందరి ముందూ చెప్పాలి. ఊరంతా అక్కడే ఉంది."

ఒరొజాలికి యాభై నాలుగేళ్ళు. చివరి తరగతిలో ఆమె దగ్గరే చదివాడు. అప్పుడూ ఇంతే, జవాబు ముందు రాసేసి ప్రశ్న తరవాత చదివేవాడు. షాయిర్‌కుల్ చేతులు కడుక్కుని బయల్దేరింది.

తపాలా కార్యాలయం పక్కనే జిపార్ కొట్టు. విత్తనాలు, తాళ్ళు, రబ్బరు బూట్లు, పురుగుమందులు అమ్ముతుంది. ముప్పై మంది దాకా గుమికూడారు. జిపార్ గుమ్మంలో పార పట్టుకుని నిలబడి ఉంది.

"రండి, మొదట ఎవడొస్తాడో రండి! పదేళ్ళుగా నా చేతి మందు కొట్టి పంటలు తీసుకున్నప్పుడు నేను దొంగని కాదు, ఇవాళ అయ్యానా?"

"పురుగుల్నడుగు, నువ్వు ఎలాంటిదానివో అవే చెప్తాయి!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. నవ్వులు.

షాయిర్‌కుల్ సీసా తీసుకుని చదివింది. కంపెనీ అదే, మూత ముద్ర అదే, గడువు ఇంకా రెండేళ్ళుంది.

"ఈ మందు ఎన్నేళ్ళనుంచి కొడుతున్నారు?"

"తొమ్మిదేళ్ళు. మొదట్లో ఒక్కసారి కొడితే చాలు, చారల పురుగులు వడగళ్ళలా రాలేవి," అన్నాడు కెంజెబెక్. ఊళ్ళో అందరికంటే పెద్ద బంగాళాదుంప చేను అతనిది. బడి పరీక్షల్లో బంగారు పతకం తెచ్చుకున్న శిష్యుడు. వినయం ఇప్పటికీ తగ్గలేదు, ఆమెను చూడగానే టోపీ తీసేశాడు.

"తర్వాత?"

"తర్వాత రెండుసార్లు కొట్టాల్సొచ్చింది. పోయినేడు నాలుగుసార్లు. ఈ యేడు ఎన్ని కొట్టినా లాభం లేదు."

షాయిర్‌కుల్ సీసా పక్కన పెట్టింది. ఇంతకంటే విడమరిచి చెప్పే పాఠం పుస్తకంలో కూడా లేదు. అదీ వీళ్ళ నోటితోనే చెబుతున్నారు.

"కెంజెబెక్, ప్రకృతి వరణం అంటే ఏమిట్రా?"

అతను టోపీ రెండు చేతులా పట్టుకుని తడుముకోకుండా మొదలుపెట్టాడు. "ఒకే జాతి జీవుల మధ్య వైవిధ్యాలుంటాయి. అవి సంతతికి సంక్రమిస్తాయి. పరిసరాలకు తగిన లక్షణాలు గల జీవులు బతికి ఎక్కువ సంతతిని కంటాయి. మిగిలినవి నశిస్తాయి. కాబట్టి తరం తరానికీ ఆ లక్షణం జాతిలో పెరుగుతుంది, ఎజెకే."

"బాగుంది. ఇప్పుడు నీ చేలో ఏం జరిగింది?"

"నా చేలోనా? మందు కల్తీదండీ ఎజెకే."

ఎవరూ నవ్వలేదు. అదే ఆమెకు ఇంకా ఒళ్ళు మండించింది. ఆ మాటలో తప్పేముందో ఒక్కడికీ తట్టలేదన్నమాట. ముప్పై నాలుగేళ్ళు నల్లబల్ల మీద సుద్దముక్కలు అరగదీసింది ఇందుకేనా అనుకుంది.

"ఒరొజాలీ, ఆ కొట్టులోంచి నీకు నచ్చిన సీసా నువ్వే తియ్యి. మూత నువ్వే విప్పు. నాలుగు రోజులు ఎవరూ జిపార్ జోలికి రాకూడదు. నాలుగో రోజు మా వరండాకి రండి. మందు కల్తీదో, మీ బుర్రలు కల్తీవో తేలిపోతుంది."

జిపార్ పార దించలేదు గానీ గుమ్మంలోంచి పక్కకి జరిగింది.

*

పై లోయలో అడవి కాపలాదారు ఇల్లుంది. అతని భార్య పెరట్లో పది సాళ్ళు బంగాళాదుంపలు వేస్తుంది. మందంటే ఆమెకు భయం. చారల పురుగులు కనిపిస్తే చేత్తో ఏరి కిరోసిన్ డబ్బాలో పడేస్తుంది, దొరికినన్ని దొరుకుతాయి, మిగిలినవి మిగులుతాయి. ఆ తోటలో ఏనాడూ మందు చుక్క పడలేదు. షాయిర్‌కుల్ జిపార్‌ను వెంటబెట్టుకుని పాత లాడా కారులో అక్కడికి వెళ్ళి నూరు పురుగులు ఏరుకొచ్చింది. ఇంకో నూరు ఒరొజాలి చేలోవి. ఇవి ఏరడానికి పావుగంట కూడా పట్టలేదు, ఒక్కో మొక్క మీద ఇరవై దాకా ఉన్నాయి. వీపు మీద పసుపుపచ్చ గీతలూ నల్ల గీతలూ, కొత్త పరుపు గుడ్డ కుట్టించుకున్నట్టు.

దోసకాయలు ఊరవేసే మూడు లీటర్ల గాజు జాడీలు నాలుగు కడిగి ఆరబెట్టింది. రెండింట్లో మందునీళ్ళలో ముంచి ఆరబెట్టిన ఆకులు. రెండింట్లో వట్టి నీళ్ళలో ముంచినవి. ఒక్కోదాంట్లో యాభై పురుగులు, మూతికి పలచటి గుడ్డ.

"వట్టి నీళ్ళవి ఎందుకు ఎజెకే?" అని జిపార్ అడిగింది.

"మా మరిది నీకు తెలీదూ? అవి లేకపోతే ఎండకి చచ్చాయంటాడు. లేదా నా దోసకాయల ఉప్పు తగిలి చచ్చాయంటాడు."

నాలుగో రోజు పొద్దున్న జనం వరండా మెట్ల దాకా నిండారు. లెక్కపెట్టే పని కెంజెబెక్‌కు అప్పగించింది. బల్ల మీద తెల్లగుడ్డ పరచి, జాడీ తరవాత జాడీ బోర్లించి, బతికినవి ఒక పక్కకు, చచ్చినవి ఒక పక్కకు తోశాడు. వట్టి నీళ్ళ ఆకులు తిన్నవి రెండు చోట్లవీ దాదాపు అన్నీ బతికే ఉన్నాయి. మందు ఆకులు తిన్న లోయ పురుగుల్లో నలభై ఏడు చచ్చాయి, మూడు మిగిలాయి. అదే మందు తిన్న ఒరొజాలి పురుగుల్లో ఎనిమిది చచ్చాయి. నలభై రెండు ఆకుల్ని ఈనెలు తప్ప మిగల్చకుండా తిని, గుడ్డ మీద అటూ ఇటూ షికారు తిరుగుతున్నాయి.

జిపార్ చేతులు కట్టుకుని ఒరొజాలికి ఎదురుగా నిలబడింది.

"మందు పనిచేస్తోందా లేదా?"

"చేస్తోంది."

"మరి నన్నేమన్నావు?"

"తప్పయిపోయింది చెల్లీ." పన్ను పీకించుకుంటున్నట్టు అన్నాడు. జిపార్‌కు అది చాలలేదు, ఇంకోసారి గట్టిగా అనిపించింది. షాయిర్‌కుల్‌కు ఆ క్షణం నిజంగా హాయిగా అనిపించింది. పాఠం ఎక్కింది అనుకుంది.

అంతలో ఒరొజాలి ముఖం వికసించింది. "ఇప్పుడు అర్థమైంది వదినా! మా పురుగులు మందుకి అలవాటు పడ్డాయి!"

"అవునవును," అన్నాడు కెంజెబెక్. "తొమ్మిదేళ్ళు తాగుతున్నాయిగా."

"మా బావమరిదిని చూడు. మొదట్లో రెండు గుక్కల వోద్కాకే పడిపోయేవాడు. ఇప్పుడు సీసా దించినా తిన్నగా నడిచి ఇంటికొస్తాడు. పురుగులు కూడా అంతే!" అన్నాడు ఒరొజాలి.

అందరూ తలలూపారు. ఇంత తేలికైన మాట ఇన్నాళ్ళూ తట్టలేదే అన్నట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అలవాటు కాదురా!" ఆమె గొంతు పెరిగింది. "చారల పురుగు బతికేదే ఏడాదో రెండేళ్ళో. నువ్వు మొదటిసారి కొట్టినప్పుడున్న పురుగు ఇప్పుడుందా? అది చచ్చింది, దాని మనవలు చచ్చారు. ఎవరు అలవాటు పడ్డారు? ఏ ఒక్క పురుగూ మారలేదు. ఈ లోయవాటిలో యాభైకి మూడు పుట్టుకతోనే మందుకి చావనివి ఉన్నాయి, ఇదిగో, చూడు, గుడ్డ మీద. మొదట్లో నీ చేలోనూ ఇలాగే ఉండేవి. మిగతావాటిని నువ్వు చంపేశావు. పిల్లల్ని కనడానికి మిగిలిందెవరు? ఇలాంటివే. ఆ పిల్లలకి తల్లిదండ్రుల గుణం వచ్చింది. అదీ సంగతి!"

"అదే కదా వదినా నేనంటున్నదీ. అలవాటు పడ్డాయని."

షాయిర్‌కుల్ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. కిటికీలోంచి మాత్రం గట్టిగా ఒక మాట చెప్పింది. "రెండు వారాల తర్వాత రండి. ఆ మూడు లోయ పురుగుల్నీ ఎవడైనా తొక్కాడో, వాడి పని చెప్తా!"

*

ఆ మూడింట్లో రెండు ఆడవి, ఒకటి మగది. వాటిని మంచి ఆకులు వేసిన వేరే జాడీలో పెట్టింది. అయిదారు రోజుల్లో ఆకుల అడుగున నారింజ రంగు గుడ్లు కుదురుగా పెట్టాయి. ఒరొజాలి చేలోంచి గుడ్లున్న ఆకులు కొన్ని, పై లోయ పెరట్లోంచి కొన్ని తెచ్చింది. మూడు పళ్ళేల్లో వేరువేరుగా పొదిగించింది. గుడ్లు పగిలి, ఎర్రగా గూనిగా ఉండే పిల్లపురుగులు వచ్చాయి. వాటికి తన పెరట్లోని మందు తగలని ఆకులే వేసి పెంచింది. ఆకులు కోయడం, పళ్ళేలు తుడవడం, తప్పించుకున్నవాటిని కర్టెన్ల మీంచి ఏరడం, అరవై ఒక్కేళ్ళకి ఇదేం ఖర్మ అని గొణుక్కోవడం. కొండమీంచి భర్త ఫోన్ చేసి ఏం చేస్తున్నావంటే "నీ తమ్ముడికి చదువు చెబుతున్నా" అంది. "ఇంకా?" అన్నాడాయన.

ఆ రోజుల్లో ఒరొజాలి ఊళ్ళో లేడు. కారాకోల్ పట్నం వెళ్ళి అక్కడ ఎవరో చెప్పిన కొత్త మందు తెచ్చాడు. ఖరీదైనది, ఘాటైనది. కొట్టిన మర్నాడు మొక్కల కింద నేల కనపడనంతగా పురుగులు రాలాయి. సరిగ్గా పిల్లపురుగుల లెక్క తేలే రోజునే, బూట్లకు మట్టితో, నవ్వు మొహంతో వరండాలోకి వచ్చాడు.

"ఇంక నీ జాడీలు కడిగేసుకో వదినా! పీడ వదిలింది. ఎలా రాలాయనుకున్నావ్!"

"కూర్చో," అందామె. జిపార్, కెంజెబెక్ అప్పటికే వచ్చి బల్ల దగ్గరున్నారు. టీ గిన్నెలు పక్కకు జరిపి పళ్ళేలు ముందుకు లాగింది. "ఇవి ఆ పురుగుల పిల్లలు. పుట్టినప్పట్నుంచీ మందు మొహం చూడలేదు. అలవాటు పడే వీలే లేదు. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకున్నా."

"మూడు రోజుల క్రితం ఒక్కో పళ్ళెంలో అరవై పిల్లలకి జిపార్ అమ్మే పాత మందే పెట్టాను. లోయవి నాలుగు బతికాయి. నీ చేలోవి యాభై ఒకటి బతికాయి. ఆ మూడు పురుగుల పిల్లలు చూడు, ముప్పై మూడు. అమ్మానాన్నలదీ లోయే, తాతలదీ లోయే. కానీ మందుకి నిలిచిన వాళ్ళ పిల్లలు కాబట్టి సగానికి పైగా నిలిచాయి. ఒక్క తరంలో!"

"సగమే ఎందుకు ఎజెకే? అన్నీ నిలవాలిగా?" అన్నాడు కెంజెబెక్.

ఆ ప్రశ్న వినగానే షాయిర్‌కుల్‌కు కళ్ళు చెమ్మగిల్లినంత పనైంది. ఎన్నాళ్ళకి ఒక ప్రశ్న! "ఆ ఆడవి జాడీలోకి రాకముందే తోటలో వేరే మగవాటితో కలిసుంటాయిరా. ఆ తండ్రులకి ఈ గుణం లేదు. అందుకని కొన్ని పిల్లలకి వచ్చింది, కొన్నింటికి రాలేదు."

ఒరొజాలి గెడ్డం గోక్కుంటున్నాడు. ఆమె అతనివైపు తిరిగింది. ఇంక పుస్తకం మాటలు వద్దనుకుంది.

"నీ గొర్రెల సంగతి చూద్దాం. జిల్లాలో కొవ్వు నిండిన అంత పెద్ద తోకలు ఎవరి మందలోనూ లేవంటావు. ఎలా వచ్చాయి?"

ఒరొజాలి నిటారుగా కూర్చున్నాడు. ఇది అతనికి ఇష్టమైన విషయం. "ఎలా రావడమేంటి? ఇరవయ్యేళ్ళ కష్టం! సన్నతోక పొట్టేలు పుడితే శీతాకాలం రాకముందే కోసుకు తినడం. పెద్దతోకదాన్నే మందలో వదలడం. దాని పిల్లల్లో మళ్ళీ పెద్దతోకవే ఏరడం."

"పొట్టేలు తోక పెంచుకోవడం అలవాటు చేసుకుందా?"

"అదెలా చేసుకుంటుంది? నేను ఏరాను."

"చేలో పురుగుల్ని ఎవరు ఏరారు?"

ఒరొజాలి టీ గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. కెంజెబెక్ టోపీతో మూతి కప్పుకున్నాడు.

"చెప్పు. చచ్చేవాటిని చంపి, చావనివాటిని పిల్లల కోసం వదిలిందెవరు? తొమ్మిదేళ్ళుగా, ఒక్క ఏడాదీ మానకుండా?"

"అంటే నేను పురుగుల్ని పెంచుతున్నానంటావా?"

"మేలుజాతి పురుగుల్ని," అంది షాయిర్‌కుల్.

జిపార్ పగలబడి నవ్వింది. ఆ నవ్వుకి ఒరొజాలి చెవులు ఎర్రబడ్డాయి. లేచి నిలబడ్డాడు. "సరే, పెంచాననుకో. ఇప్పుడా మేలుజాతిని మట్టిలో కలిపేశాగా, కొత్త మందుతో. కథ అయిపోయింది."

"అన్నీ చచ్చాయా?"

"దాదాపు అన్నీ. చేను మొత్తంలో ఓ వంద పాకుతున్నాయేమో. వందతో ఏమౌతుంది?"

"ఆ వందా ఎందుకు చావలేదు?"

ఒరొజాలి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. గేటు మాత్రం ఈసారి మూశాడు, గట్టిగా.

*

మర్నాడు పొద్దున్నే షాయిర్‌కుల్ తలకి గుడ్డ కట్టుకుని, కిరోసిన్ పోసిన డబ్బా పట్టుకుని మరిది చేలోకి దిగింది. వంగి, ఒక్కో మొక్కా తిప్పి చూస్తూ, మిగిలిన పురుగుల్ని ఏరసాగింది. నడుం పట్టేసింది. తిట్టుకుంటూనే ఏరింది. గంట తర్వాత కొట్టు తెరవకుండానే జిపార్ వచ్చి పక్క సాలులో వంగింది. కెంజెబెక్ తన చేనికి పోతూ ఆగి, ఆలోచించి, అతనూ దిగాడు.

దారిన పోయే ట్రాక్టర్లు ఆగసాగాయి. వయసు మళ్ళిన వదిన, బడి పంతులమ్మ, మరిది చేలో కూలిదానిలా వంగి ఉండడం ఊరికి కొత్త. మధ్యాహ్నానికి ఒరొజాలి పరుగున వచ్చాడు.

"వదినా, లే! ఊరంతా చూస్తోంది. నా పరువు తీస్తున్నావ్. అన్నయ్యకి తెలిస్తే నన్ను గుర్రం తోకకి కట్టేస్తాడు!"

"చూడనీ. నువ్వు ఏరనప్పుడు ఎవరో ఒకరు ఏరాలిగా. వీటిని వదిలితే ఈ కొత్త మందు కూడా వట్టి నీళ్ళవుతుంది. అప్పుడు మళ్ళీ జిపార్ గుమ్మంలో పార పట్టుకుని నిలబడాలి."

"నిలబడను," అంది జిపార్ పక్క సాలులోంచి. "ఈసారి నేరుగా తలమీద కొడతా."

ఒరొజాలి గట్టు మీద అటూ ఇటూ తిరిగాడు. ట్రాక్టరు మీదివాళ్ళని పొమ్మని కసిరాడు. చివరికి బూటు తాళ్ళు బిగించుకుని చేలోకి దిగి వంగాడు. సాయంత్రానికి నలుగురూ కలిసి నూట అరవై పురుగులు ఏరారు. అతను చెప్పిన వంద కంటే అరవై ఎక్కువ. ఆ సంగతి ఆమె నోటితో అనలేదు గానీ డబ్బా అతని కళ్ళ ముందు పెట్టింది.

ఆ ఏడు పంట అతనికి సగమే దక్కింది. ఆకు ముందే పోయింది మరి. తర్వాతి వసంతంలో కెంజెబెక్ సగం చేనులో బంగాళాదుంప మాని బార్లీ వేశాడు. చలికాలమంతా నేలలో దాక్కున్న పురుగు పైకి లేచేసరికి తిండి దొరకకూడదని. ఇంకో ఎనిమిది కుటుంబాలు అతన్ని చూసి పంట మార్చాయి. జిపార్ ఏటేటా మందు మార్చి తెప్పించడం మొదలుపెట్టి, కొనేవాళ్ళని నిలబెట్టి "పోయినేడు ఏది కొట్టావ్?" అని అడుగుతోంది. తప్పు చెబితే అమ్మదు.

ఒరొజాలి బార్లీ వేయలేదు. బార్లీ తన తండ్రి వేయలేదన్నాడు. కానీ షాయిర్‌కుల్ పట్టుబట్టి ఒక్క మాట ఒప్పించింది. చేను చివర రెండు సాళ్ళకి మందు కొట్టకూడదు. అక్కడ మామూలు పురుగులు బతకాలి. మందుకి నిలిచినవి వాటితో కలిస్తే ఆ గుణం అంత త్వరగా ఊరంతా పాకదు. ఇది అతనికి మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ అర్థమైందన్నాడు. బజార్లో మాత్రం మా వదిన పురుగులకి పెళ్ళిళ్ళు చేస్తోందని చెప్పుకున్నాడు.

జూన్ చివరి వారంలో ఆమె టీ తాగుతుండగా అతని దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. గొంతులో నిజమైన ఆందోళన.

"వదినా, కొంప మునిగింది. ఆ రెండు సాళ్ళలో చూశా. ఒక్క పురుగు కూడా లేదు."

"అయితే మంచిదేగా!"

"మంచిదేంటి? నువ్వు ఉండాలన్నావుగా! పక్కవాళ్ళ చేలోంచి ఓ బకెట్టు పట్టుకొచ్చి వదలనా?"

షాయిర్‌కుల్ ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి కాసేపు దానివైపే చూసింది. లోపలినుంచి "హలో, వదినా, ఒక బకెట్టు చాలా?" అని వినిపిస్తూనే ఉంది.

"నేనొస్తున్నా. నేను వచ్చేదాకా ఏదీ ముట్టుకోకు," అని, టీ సగంలో వదిలేసి చెప్పుల కోసం వెతుక్కుంది.